బెండ జిగురుకు పేటెంటా? నా అనుభవం

ఐరాల వైపు మా గానుగల్లో బెండ మొక్క కాండం చితక్కొట్టి నీళ్ళలో పిసికి, ఆ జిగురును వేడెక్కే చెరకు రసంలో పోస్తాం. మురికంతా నురగతో తెట్టులా పైకి తేలుతుంది. గరిటెతో తీసి పారేస్తాం. మా నాయన అట్లే చేశాడు, నేనూ అట్లే చేస్తున్నా. అదే పనిని కొత్త ఆవిష్కరణగా చూపిస్తూ ఒక కంపెనీ పేటెంటుకు దరఖాస్తు చేసిందని తిరుపతిలో చదువుకునే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, రేపు నువ్వు బెల్లం వండాలంటే వాళ్ళ పర్మిషన్ కావాలేమో!"

తీరా చూస్తే పేటెంటు ఇంకా రాలేదు. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. అప్పటినుంచి మంజూరయ్యే లోపు ఎవరైనా అభ్యంతరం వెయ్యొచ్చు. పేటెంట్ల చట్టం సెక్షన్ 25(1) కింద, ఫారం 7ఎలో. మంజూరయ్యాక అయితే ఏడాదే గడువు, అదీ ఆ వ్యవహారంతో సంబంధం ఉన్నవాళ్ళకే.

ఆవేశంగా ఊళ్ళో సంతకాలు పెట్టించుకుని చెన్నైలో పేటెంట్ ఏజెంటు దగ్గరికి వెళ్ళా. ఆయన కాగితాలు పక్కన పెట్టేశాడు. "మీ ఊరికి తెలుసు సరే. వాళ్ళ దరఖాస్తు తేదీకి ముందే తెలుసని తేదీ ఉన్న కాగితం ఏదండీ?" పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది కూడా కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథం, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించబట్టే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ మాట నిజమే.

మేనల్లుడు తిరుపతిలో లైబ్రరీలన్నీ గాలించాడు. వారం తర్వాత ఒక పాత థీసిస్ దొరికింది. అట్ట చిరిగిపోయినా లోపలి పేజీలో లైబ్రరీ ముద్ర, దాని కింద తేదీ, నీలి సిరా అలుక్కుపోయి ఉన్నా చదవడానికి వచ్చింది. లోపల బెండ జిగురు ఎంత పోస్తే రసం ఎంత తేటపడిందో పట్టిక. దరఖాస్తులో ఇది మాదే అని కోరే ఒక్కో అంశాన్ని క్లెయిము అంటారు. జిగురు మీది మొదటి క్లెయిమును కొట్టేయడానికి అది చాలు.

రెండో క్లెయిముతోనే తల ప్రాణం తోకకొచ్చింది. జిగురుతో పాటు సున్నపు తేట కలపాలని రాశారు. ఆ రెండూ కలిపి ఒకే కాగితంలో లేవు కాబట్టి కొత్తది కాదనడానికి లేదట. విడివిడిగా ఉన్న రెండు కాగితాలను చూసిన ఆ పని తెలిసినవాడెవడైనా వాటిని కలిపేవాడే, అందులో ఆవిష్కరణ ఏమీ లేదు అని చూపాలి. ఎందుకు కలుపుతాడు? నాయన్ని అడిగా. "రసం పులుపెక్కితే అచ్చు గట్టిపడదు కదరా, అందుకే సున్నం." అదే మాట అఫిడవిట్‌లోకి ఎక్కింది, పాత సేద్యం పుస్తకంలోని పేజీ దానికి తోడయింది.

మా అభ్యంతరం మీద పేటెంట్ ఆఫీసు విచారణ వీడియోలో జరిగింది. ఊరి పద్ధతికి కొలత లేదని, తమకు కచ్చితమైన కొలత ఉందని అవతలి లాయరు వాదించాడు. థీసిస్ పట్టికలోని అంకెల మధ్యే వాళ్ళ కొలత కూడా ఉందని మా ఏజెంటు చూపించాడు. నాకైతే టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

చివరికి వాళ్ళు ఆ రెండు క్లెయిములూ తీసేశారు. రసాన్ని కలియబెట్టే యంత్రం మీది క్లెయిము ఒక్కటే మిగిలింది. దాని మీద మేము అభ్యంతరం పెట్టనే లేదు. ఎంతకు అమ్ముతారో కనుక్కోమని నాయన రెండుసార్లు అడిగాడు.