మళ్లీ అక్కడే తెగింది

టప్‌మని తెగింది. ఈరోజు ఇది నాలుగో ముక్క.

పాత టైర్ల పొడి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కలిపి చేసిన షీటు. తెగిన అంచును మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే రబ్బరు రేణువులు చెక్కుచెదరలేదు. కొన్నిచోట్ల రేణువు ఊడిపోయి నున్నటి గుంట మిగిలింది. ప్లాస్టిక్ వాటిని అసలు పట్టుకోనేలేదు!

రబ్బరును తిట్టి లాభం లేదులెండి. దాని గొలుసుల్లాంటి అణువుల్ని కట్టేసినవి 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన గంధకం ముడులు. అందుకే ఎంత వేడి చేసినా అది కరగదు. కరగనిది కరిగినదానితో ఎలా కలుస్తుంది?

రెండూ అతుక్కుంటాయేమోనని మెలీక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అతికించిన పాలీప్రొపిలీన్ 5 శాతం వేశా. కొంచెం ఎక్కువ సాగింది, అంతే.

రేపు పొడిని ముందే డీవల్కనైజ్ చేయాలి, అంటే ఆ గంధకం ముడులు కొన్ని విప్పాలి. మరీ విప్పితే రబ్బరు గొలుసులే తెగి జిగురు ముద్దవుతుంది. అదో టెన్షన్.

రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకింకా టైరు వాసనే.