సైకస్ చిగురు తినే పురుగు మన ఊరిదే

గేటు పక్కన, అపార్ట్‌మెంట్ లాన్‌లో పెంచుకునే సైకస్ రెవల్యూటా దక్షిణ జపాన్ మొక్క. దాని చిగురును నమిలేసే పురుగు మాత్రం మనదే: చిలాడిస్ పాండవ అనే చిన్న నీలి సీతాకోకచిలుక పిల్ల. పడమటి కనుమల్లోని సైకస్ సర్సినాలిస్ లాంటి అడవి జాతుల మీద బతికిన పురుగు ఇది. సైకస్‌లలోని సైకసిన్ విషాన్ని తట్టుకోవడం దానికి ముందే అలవాటు. అందుకే కొత్త మొక్క కొత్తగా అనిపించలేదు.

అడవిలో చాలా మొక్కలు ఒకే కాలంలో చిగురిస్తాయి, పురుగులు ఎంత తిన్నా కొంత మిగులుతుంది. తోటల్లో నీళ్లు, ఎరువు పోస్తాం కాబట్టి ఏ వీధిలోనో ఒక సైకస్ ఎప్పుడూ చిగురు మీదే ఉంటుంది. పురుగుకు ఏడాదంతా భోజనమే. అందం కోసం పాత మట్టలన్నీ ఒకేసారి నరికితే ఇంకా నష్టం: మొక్క అకాలంలో చిగురిస్తుంది, ఆ చిగురు పోతే నిలబెట్టే పాత ఆకు కూడా ఉండదు.

మొవ్వు మధ్య ఉబ్బడం మొదలవగానే రోజూ చూడండి. చుట్టలు విప్పుకుంటున్న ఈనెల మీద ఆవగింజకన్నా చిన్న, లేత ఆకుపచ్చ బిళ్లల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పురుగు లోపల ఉన్నట్టే. అది స్రవించే తీపి రసం కోసం వచ్చి, దానికి కాపలా కూడా కాస్తాయి.

గుడ్లు పడకముందే దోమతెర కప్పి, కింద కాండానికి బిగించి కట్టాలి. లోపల కర్రలు పాతి తెరను ఎత్తి ఉంచండి. తెర చిగురుకు ఆనితే సీతాకోకచిలుక బయటి నుంచే గుడ్లు పెట్టేస్తుంది. ఆకు ముదిరి, ముదురాకుపచ్చకు తిరిగి, ముట్టుకుంటే గుచ్చుకునేదాకా, అంటే మూడు నుంచి ఐదు వారాలు, తీయొద్దు. ఆ తర్వాత పురుగు దాన్ని కొరకలేదు.

ఆలస్యమైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం పూట, నాలుగైదు రోజులకోసారి చల్లండి. మందు చుట్టల లోపలికి దిగాలి. పైపైన చల్లితే లోపలి పురుగుకు ఏమీ కాదు. ముదిరిన ఆకు మీద చల్లడం వృథా. సగం తిన్న మట్టలో పచ్చదనం ఉన్నంతవరకు కోయకండి, వచ్చే చిగురుకు బలం అక్కడినుంచే రావాలి.