ముప్పది వెండి నాణెముల వెల

క్రీస్తు శ్రమల వృత్తాంతంలో ముప్పది వెండి నాణెముల మాట వచ్చినప్పుడు మన ప్రసంగాలు చాలా వరకు ఆ సొమ్ముకు ప్రభువును అప్పగించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు ధనాపేక్ష దగ్గరనే ఆగిపోతాయి. అది తప్పని నేను అనను. కానీ ఆ సొమ్ము ముప్పదే ఎందుకు అయింది, ఇరవై ఎందుకు కాలేదు, యాభై ఎందుకు కాలేదు అని అడిగితే లేఖనం మనలను సీనాయి కొండ దాకా వెనుకకు తీసుకొని పోతుంది. ఎద్దు ఒక దాసునినైనా దాసినైనా పొడిచి చంపితే, ఆ ఎద్దు గలవాడు దాసుని యజమానికి ముప్పది తులముల వెండి చెల్లించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం 32వ వచనం చెబుతుంది. చచ్చిపోయిన బానిసకు ధర్మశాస్త్రం కట్టిన వెల అది. ప్రధానయాజకులు ఆ ధర్మశాస్త్రాన్ని చదివి పెరిగినవారు. వారు యేసు ప్రభువుకు కట్టిన వెల కూడా సరిగ్గా అంతే.

ఈ రెండింటి నడుమ జెకర్యా నిలబడి ఉన్నాడు. బబులోను చెర నుండి ప్రజలు తిరిగి వచ్చిన తరువాత, దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరంలో, అనగా క్రీ.పూ. 520లో ప్రవచించడం మొదలుపెట్టిన ఈ ప్రవక్త తన గ్రంథం 11వ అధ్యాయంలో ఒక కాపరిని మన ముందు ఉంచుతాడు. ఆ కాపరి తన కూలి అడిగితే ముప్పది తులముల వెండి తూచి ఇస్తారు. దేవుడు దానిని కుమ్మరికి పారవేయుమంటాడు. వెండి యెహోవా మందిరంలో పడుతుంది. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో యూదా ఆ నాణెములను దేవాలయంలో పారవేసి పోయాడు. అవి రక్తక్రయధనం గనుక కానుకపెట్టెలో వేయరాదని యాజకులు ఆలోచించి, వాటితో కుమ్మరివాని పొలం కొన్నారు. మత్తయి ఇక్కడ యిర్మీయా పేరు చెప్పాడే, మాటలు జెకర్యావి కదా అని అడిగేవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. యిర్మీయా 18వ అధ్యాయంలో కుమ్మరి ఇల్లు, 32వ అధ్యాయంలో వెండి తూచి పొలం కొనడం ఉన్నాయి. మత్తయి ఈ ఇద్దరు ప్రవక్తలను కలిపి చదివి, వారిలో పెద్ద ప్రవక్త పేరు చెప్పాడని నేను గ్రహిస్తున్నాను.

ప్రవచనాల నెరవేర్పును గురించి మాట్లాడేటప్పుడు కొందరు ఇది యాదృచ్ఛికంగా జరగడానికి కోటికి ఎన్ని వంతులని లెక్కలు వేస్తారు. ఆ లెక్కల మీద నాకు అంత నమ్మకం లేదు. నన్ను పట్టి నిలిపేది వేరొకటి. గాడిద నెక్కి యెరూషలేములో ప్రవేశించడం ప్రభువు తానుగా చేసిన పని; జెకర్యా మాట తెలిసి చేశాడని ఎవరైనా అనవచ్చు. కానీ తన వెలను ఆయన నిర్ణయించలేదు, శత్రువులు నిర్ణయించారు. ఆ సొమ్ముతో ఏమి కొనాలో ఆయన చెప్పలేదు. ఆయన ఎముకలలో ఒక్కటియు విరువకుండా విడిచిపెట్టిన రోమా సైనికులకు పస్కా గొఱ్ఱెపిల్ల ఎముక విరువరాదనే ధర్మశాస్త్ర నియమం తెలియదు. ప్రవచనాన్ని నెరవేర్చాలనే తలంపు ఏ మాత్రం లేనివారి చేతులే దానిని నెరవేర్చాయి.

బానిస వెల అంటే ఏమిటో మా వరంగల్ ప్రాంతంలో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోనక్కర లేదు. నిజాం ఏలుబడిలో దొరల గడీల కింద నడిచిన వెట్టి, అప్పుకు బదులుగా ఏళ్ల తరబడి చేసిన జీతం ఇంకా ఇండ్లలో చెప్పుకొనే సంగతులే. 1976లో పార్లమెంటు చట్టం చేసి వెట్టిచాకిరిని రద్దు చేసే నాటికి కూడా అది పూర్తిగా పోలేదు. మా తాత నర్సంపేట వైపు ఒక ఊళ్లో పెండ్లి అప్పు కింద జీతం ఉన్నాడు. తెల్లవారకముందే కొట్టం ఊడ్చి, ఎడ్లకు కుడితి పెట్టి, మోట కట్టేవాడు. ఏడాది గడిచినా అప్పు వడ్డీ దాటి కిందికి దిగేది కాదు. చివరికి తాతకు చిన్నాయన అయిన ఒక పెద్దమనిషి తన ఎడ్ల జతను పశువుల అంగట్లో అమ్మి ఆ సొమ్ము తెచ్చి కట్టాడు. చింపిన పత్రం ముక్కలను మా నాయనమ్మ పొయ్యిలో వేసి, ఆ మంట మీదనే జొన్న గటక వండిందట. ఇటువంటి ఇండ్ల నుండే మా సంఘాలలో చాలామంది వచ్చారు. 1912లో కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి పరిచర్యలో సువార్త విన్నవారిలో అధికులు ఊరి చివర బ్రతికినవారే. విమోచన అనే మాట వారికి వట్టి సిద్ధాంతం కాదు.

లేవీయకాండము 25వ అధ్యాయం కూడా ఇదే చెబుతుంది. అమ్ముడుపోయినవానిని అతని సహోదరుడైనా, పినతండ్రియైనా, పినతండ్రి కుమారుడైనా విడిపించవచ్చును. విడిపించేవాడు రక్తసంబంధి కావాలి. దేవుని కుమారుడు మన రక్తమాంసములలో పాలివాడు కావలసిన అవసరం ఎందుకు కలిగిందో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం చదివినప్పుడు నాకు ఈ నియమం గుర్తుకు వస్తుంది.

అయినా మా ఇంటి సంగతిని సిలువతో సరిపెట్టి చూడడానికి ఒక హద్దు ఉంది. దొర వ్రాసుకొన్న లెక్క అన్యాయపు లెక్క. దేవుని యెదుట మన పాపపు ఋణం నిజమైనది. కాబట్టి దేవుని దొర స్థానంలో నిలబెట్టి ఈ కథ చెప్పడం ఘోరమైన పొరపాటు అవుతుంది. ఆ వెల ఎవరికి ముట్టింది, సాతానుకా అని పూర్వపు దైవజ్ఞులు వాదించుకొన్నారు. లేఖనం చెప్పనిదానిని నేను చెప్పబోను. చెప్పినది మాత్రం స్పష్టం: చెల్లించినవాడు దేవుడే. పైగా తాత చిన్నాయన ఎడ్లను అమ్మాడు, తాను గడీలోకి పోయి జీతం ఉండలేదు. ప్రభువు దాసుని స్వరూపమును ధరించుకొని, దాసుని వెలకే అమ్మబడి, దాసులకు రోమీయులు వేసే సిలువ మరణమే పొందాడు.

ఇక్కడ యెషయా 53వ అధ్యాయం తెరవక తప్పదు. ఆ గీతం నిజానికి 52వ అధ్యాయం 13వ వచనంలో “నా సేవకుడు” అని మొదలై, అతడు వధకు తేబడు గొఱ్ఱెపిల్లవలె నోరు తెరువలేదని చెప్పి, తన్నుతానే అపరాధపరిహారార్థబలి చేశాడనే దాకా సాగుతుంది. సేవకుడే బలి, బలియే వెల. దీనిని క్రైస్తవులు తరువాత వ్రాసి చేర్చారనే ఆక్షేపణకు 1947లో మృత సముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట జవాబు చెప్పింది. ఏడు మీటర్లకు మించిన పొడవున్న ఆ తోలు చుట్ట క్రీస్తుకు నూరేండ్లకు పైగా ముందటిది. ఈ అధ్యాయం అందులో ఉంది.

ఈ గుడ్ ఫ్రైడే నాడు మా సంఘంలో “సమాప్తమైనది” అనే ఆరవ మాట ధ్యానించే బాధ్యత నాకు అప్పగించారు. ముందు వరుసలో కూర్చొనే పెద్దలలో చిన్నతనాన జీతం ఉన్నవారు ఇంకా ఉన్నారు. యోహాను సువార్త తెరవడానికి ముందు వారికి నిర్గమకాండములోని ఆ ఎద్దు నియమాన్ని చదివి వినిపించాలని నిశ్చయించుకొన్నాను.