సెట్టులో డయోడ్లు మార్చే ముందు

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా మనవాళ్ల ఇళ్లలో అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్ సెట్లు ఎక్కువ. విప్పి చూస్తే ఓ సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్యలోంచి వైరు తీసిన) ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే నాలుగు 1ఎన్5408 డయోడ్లు, రెండు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, టీడీఏ2030ఏ లేదా టీడీఏ7294 ఆంప్లిఫైయర్ ఐసీ ఉన్న బోర్డు. ఆ నాలుగు డయోడ్లూ పీకేసి ఫాస్ట్ (త్వరగా మూసుకునే) డయోడ్లు వేస్తే సౌండ్ తేటపడుతుందని చెప్పేవాళ్లున్నారు. అందులో సగమే నిజం. రెండో సగాన్ని నమ్మితే డబ్బు దండగ, ఒక్కోసారి సెట్టూ పోతుంది.

ముందు గోల ఎక్కడిదో తేల్చుకోండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా గుయ్‌మని 100 హెర్ట్‌జ్ హమ్ ఉంటే ముసలిదైన ఫిల్టర్ కెపాసిటర్‌ను అనుమానించాలి. 4700 మైక్రోఫారడ్ మీద 1 ఆంపియర్ లోడ్‌కి రిపుల్ (డీసీ మీద మిగిలే అల) అడుగు నుంచి శిఖరం దాకా, అంటే పీక్ టు పీక్, 2 వోల్టులు, మీటర్ ఏసీ రేంజిలో సుమారు 0.6. దానికి రెండింతలు కనిపిస్తే డయోడ్ జోలికి పోకుండా కెపాసిటర్ మార్చండి. హమ్ మరీ లావుగా, 50 హెర్ట్‌జ్‌లో ఉండి, లోడ్ పడగానే రైలు (బోర్డుకి వెళ్లే ప్లస్ లేదా మైనస్ సప్లై వోల్టేజీ) కుంగిపోతుంటే ఒక డయోడ్ ఓపెన్ అయిందేమో చూడండి. జుర్రుమని పదునుగా వస్తే మాత్రం పదికి తొమ్మిదిసార్లు వైరింగే. కెపాసిటర్లను నింపే కరెంటు క్షణంపాటే ఉండే ఎత్తైన పోట్లుగా వెళ్తుంది. ఆ దారిలోనే సిగ్నల్ గ్రౌండ్ కూడా ఉంటే ఏ డయోడ్ వేసినా ఆ జుర్రు పోదు. సెంటర్ ట్యాప్ వైరు నేరుగా రెండు కెపాసిటర్లు కలిసేచోటికి రావాలి, అక్కడి నుంచి ఒకే ఒక్క వైరు బోర్డు గ్రౌండ్‌కి పోవాలి. ఏసీ వైర్లు రెండూ మెలిపెట్టండి.

మరి డయోడ్ చేసే గోల ఏది? మామూలు డయోడ్ వోల్టేజీ తిరగబడగానే మూసుకోదు. కొన్ని మైక్రోసెకండ్లు వెనక్కి కరెంటు పోనిచ్చి, తర్వాత టక్కున తెగుతుంది. ఆ తెగుడుకి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు గంటలా మోగుతాయి. ఈ మోత చెవికి అందేది కాదు, రేడియోకి అందుతుంది. పక్కన మీడియం వేవ్‌లో స్టేషన్ పెడితే దాని మీద హమ్ కూర్చుని, స్టేషన్ తప్పిస్తే మాయమవుతుందే, అది ఇదే. పాత టూ-ఇన్-వన్ (రేడియో, టేపు కలిసిన) సెట్లలో ప్రతి డయోడ్ మీదా ఒక 103 (10 నానోఫారడ్) డిస్క్ కెపాసిటర్ ఉండేది ఇందుకే.

దీనికి యూఎఫ్5408 పనికొస్తుంది: 3 ఆంపియర్లు, 1000 వోల్టులు, 75 నానోసెకండ్లు. కానీ దాని కంటే చవకైన మందు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (డయోడ్ల వైపు చుట్ట) రెండు చివరల మధ్య 10 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా, ఒకదానికొకటి సిరీస్‌లో 100 నానోఫారడ్ కెపాసిటర్, 22 ఓమ్‌ల అరవాట్ రెసిస్టర్. కెపాసిటర్లు 250 వోల్టులవి తీసుకోండి. ఇది పెట్టాక 1ఎన్5408 ఉన్నా ఫర్వాలేదు. ఇదే జత మెయిన్స్ వైపు మాత్రం పెట్టకండి, అక్కడ మెయిన్స్ కోసమే చేసిన ఎక్స్2 రకం కెపాసిటర్ తప్ప మరేదీ వాడకూడదు.

ఫాస్ట్ అన్నంత మాత్రాన గట్టిది కాదు. స్విచ్ వేసిన క్షణాన ఖాళీ కెపాసిటర్ షార్ట్‌తో సమానం. ఆ తొలి దెబ్బని 1ఎన్5408 200 ఆంపియర్ల దాకా, యూఎఫ్5408 150 దాకా, మరో ఫాస్ట్ డయోడ్ ఎంయూఆర్860 అయితే 100 దాకానే కాస్తాయి. 1ఎన్4007 కాసేది 30. కెపాసిటర్‌ను 10,000 మైక్రోఫారడ్‌కి పెంచి, డయోడ్‌ను సన్నది వేస్తే ఏదో రోజు కరెంటు పోయి వచ్చినప్పుడు షార్ట్ అవుతుంది. కాలబైశాఖి గాలివానల్లో మన ఊళ్లలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పనక్కర్లేదు. పెద్ద కెపాసిటర్లకి 35 ఆంపియర్ల కేబీపీసీ3510 బ్రిడ్జి (నాలుగు డయోడ్లూ ఒకే డబ్బాలో) కొని చాసిస్‌కి బోల్టు వేసేయడం మేలు. దానికి కోసిన మూల ప్లస్, ఐమూలగా ఎదురుది మైనస్, మిగతా రెండూ ఏసీ.

తమ మీద తక్కువ వోల్టేజీ పోగొట్టే షాట్‌కీ డయోడ్ల సంగతి వేరు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ మీద షాట్‌కీ రకం 1ఎన్5822 వేసినవాళ్లున్నారు. డయోడ్ మీద పడే రివర్స్ వోల్టేజీ ఒక్క వైపుది కాదు, చివర నుంచి చివరకి 24 వోల్టులది: పీక్ 34. లోడ్ లేనప్పుడు, అర్ధరాత్రి లైను 250 చూపినప్పుడు అది 40 దాటుతుంది. ఆ డయోడ్ ఓర్పే 40. 24-0-24కి పీక్ 68, కాబట్టి 100 వోల్టుల షాట్‌కీ ఎంబీఆర్20100సీటీ బొటాబొటిగా సరిపోతుంది. 200 వోల్టులది దొరికితే హాయి. ఎంబీఆర్20100సీటీ కామన్ కాథోడ్ (ఒకే ప్యాకేజీలో రెండు డయోడ్లు, కాథోడ్లు కలిపి) కనుక ప్లస్ వైపు ఒకటి చాలు, మైనస్ వైపు రెండు కావాలి. ఇంత చేసినా మిగిలేది రైలుకి అర వోల్టు. టీడీఏ2030 పరిమితి ప్లస్ మైనస్ 18, టీడీఏ2030ఏకి అయితే 22. మొదటిది ఉంటే ఆ అర వోల్టు లాభం కాదు, ప్రమాదం.

కొనేటప్పుడు కాళ్లు చూడండి. అసలు 1ఎన్5408 కాలు దాదాపు 1.3 మిల్లీమీటర్ల లావు. సన్నగా ఉంటే ఒంటి మీద ఏం రాసి ఉన్నా నమ్మొద్దు. 25 వాట్ల ఐరన్‌తో ఆ కాలు వేడెక్కదు, డ్రై సోల్డర్ (సరిగా అంటని అతుకు) అవుతుంది. 60 వాట్లది తీసుకోండి. హైలం (సర్క్యూట్ వేసే గోధుమ రంగు) బోర్డు నల్లబడకుండా డయోడ్‌ను 5-8 మిల్లీమీటర్లు పైకి నిలపండి. ఎంయూఆర్860 లోహపు ట్యాబ్ కాథోడే, మైకా (కరెంటు పారనివ్వని రేకు) లేకుండా చాసిస్‌కి బిగిస్తే రైలు నేరుగా షార్ట్.

విప్పే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్లను 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సరిచూడండి. పని అయ్యాక స్పీకర్ తీసేసి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు మెయిన్స్ వైరుకి సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే బాగున్నట్టు. వెలుగుతూనే ఉంటే ఏదో డయోడ్ తిరగేసి పడి ఉండొచ్చు, వెంటనే ఆపండి. తర్వాత బల్బు తీసేసి, స్పీకర్ టెర్మినల్ మీద డీసీ 50 మిల్లీవోల్టులలోపు ఉంటేనే స్పీకర్ తగిలించండి.