గన్నులో ఏం కలుపుతావు?

రాత్రి రెండు, రెండున్నర మధ్య దగ్గు మొదలయ్యేది. ముందు గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు ఉండేది. కాసేపటికి ఛాతీ బిగుసుకుపోయేది. లేచి మంచం పట్టె మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం ముందుకు వంగిపోయేవాణ్ణి. నా ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు పక్కగదిలో ఉన్న మా పాపకి వినిపించేవి. మా ఆవిడ వేణ్ణీళ్లు తెచ్చి వీపు రాస్తూ కూర్చునేది. తెల్లారేసరికి కాస్త సర్దుకునేది. తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని మళ్లీ పనికి. ఇలా పద్నాలుగు నెలలు.

నేను విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో కార్లకి, వ్యాన్లకి రంగు కొట్టేవాణ్ణి. లప్పం పెట్టడం, వాటర్ పేపర్ కొట్టడం దగ్గర మొదలై రంగు చిమ్మే గన్ను పట్టేదాకా వచ్చాను. మొత్తం పదహారేళ్లు. ఎండలో నిలబెట్టిన బండిలో ఆకాశం కనిపించేలా క్లియర్ కోటు, అంటే రంగు మీద మెరుపు పూత, కొట్టగలను అని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు ప్రాణం.

దగ్గు 2021 నవంబర్ వానల్లో వచ్చింది. కరోనా రోజులు కదా, రెండుసార్లు ఆర్‌టీపీసీఆర్ చేయించాను. లేదన్నారు. తర్వాత టీబీ అనుమానంతో కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. అవీ బాగానే ఉన్నాయి. యాంటీబయాటిక్స్ మూడు కోర్సులు మింగాను. ఒకరు బ్రాంకైటిస్ అన్నారు, ఇంకొకరు ఎలర్జీ అని నోట్లో కొట్టుకునే ఇన్‌హేలర్ పంపు ఇచ్చారు. పంపు కొట్టుకున్న రాత్రి కాస్త నయంగా ఉండేది, అంతే. అందరూ చీటీ మీద 'పెయింటర్' అని రాసుకున్నారు. ఆ మాట గురించి ఒక్కరూ ఇంకో ప్రశ్న వేయలేదు. ఇరుగుపొరుగు మాత్రం "పోర్టు బొగ్గు దుమ్ము, ఈ ఊరి గాలే అంత" అనేవారు. నేనూ అదే నమ్మాను. ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి పొడి చూసిన ఊరివాళ్లం, ఆ మాట నమ్మడానికి ఎంతసేపు?

2023 సంక్రాంతికి టెక్కలి దగ్గర మా ఊరు వెళ్లాం. భోగి మంట పక్కనే గంటసేపు కూర్చున్నాను. కట్టెల పొయ్యి ముందు కూర్చుని మా అమ్మ చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతుంటే ఆవిడ పక్కనే కబుర్లు చెప్పాను. ఆరు రాత్రులు హాయిగా నిద్రపోయాను. బయల్దేరే ముందు అమ్మే అంది: "ఇక్కడ నీకు దగ్గు లేదేటిరా నాయినా, ఆ ఊర్లో ఏటి తగుల్తంది నీకు?" నేను మళ్లీ పోర్టు పేరే చెప్పాను. గాజువాక వచ్చాక రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను, దగ్గు రాలేదు. గాలి అదే, ఊరు అదే. మూడో రోజు పనిలో దిగాను. ఆ రాత్రే మంచం పట్టె మీద కూర్చున్నాను.

స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా బావకి ఈ మాట చెప్పాను. వాళ్లకి ఏటా మెడికల్ ఉంటుంది. ఊది చూపించే పరీక్ష, చెవి పరీక్ష అన్నీ చేస్తారు. "మామూలు డాక్టరు కాదు, ఫ్యాక్టరీ డాక్టరు కావాలి నీకు" అని ఒక మేడం దగ్గరికి తీసుకెళ్లాడు. చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో చేసి రిటైరై, సాయంత్రాలు ఇంటి దగ్గరే చూస్తారు. ఎంబీబీఎస్ అయ్యాక పారిశ్రామిక ఆరోగ్యం మీద మూడు నెలల ఏఎఫ్‌ఐహెచ్ అనే కోర్సు ఒకటి ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

"ఏం పని చేస్తావు బాబూ?"

"పెయింటర్‌నండి."

"గోడలకా, బళ్లకా?"

"బళ్లకండి."

"బ్రష్షా, గన్నా?"

"గన్నండి."

"గన్నులో ఏం కలుపుతావు?"

పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న మొదటిసారి విన్నాను. చెప్పాను: బేస్ కోటు ఆరాక రెండు పాళ్లు క్లియర్, అది గట్టిపడడానికి ఒక పాలు హార్డనర్, చూసుకుని కాస్త థిన్నర్. ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. "ఆ హార్డనర్ ఖాళీ డబ్బా ఒకటి గట్టిగా మూసి, రెండు కవర్లలో కట్టి తీసుకురా" అన్నారు.

మర్నాడు తీసుకెళ్లాను. మూత అంచు చుట్టూ తేనె రంగులో కారి గట్టిపడిపోయిన చారలు. ఆవిడ కవరు విప్పకుండానే, పైనుంచి భూతద్దం పెట్టి డబ్బా వెనక చదివారు. ఆవగింజంత అక్షరాలు. వేలు పెట్టి చూపిస్తూ నెమ్మదిగా పలికారు: హెక్సామెథిలీన్ డై ఐసోసయనేట్. ఆ డబ్బాలు నేను కొన్ని వందలు తెరిచి ఉంటాను. వెనక్కి తిప్పి చూసింది లేదు.

ఐసోసయనేట్ అనగానే నాకు భోపాల్ గుర్తొచ్చి చెమట పట్టింది. ఆవిడ గ్రహించారు. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసయనేట్ అని, రెండిటిదీ ఒకే కుటుంబమైనా ఇది వేరని చెప్పారు. ఇది అలా ఒక్క రాత్రిలో ఊరి మీద పడదు. రోజూ కొంచెం కొంచెం లోపలికి వెళ్తుంది. కొందరి ఒంట్లో ఒక రోజు అది శత్రువుగా నమోదైపోతుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. అప్పట్నుంచి రవ్వంత తగిలినా ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. అదీ చాలాసార్లు వెంటనే కాదు, కొన్ని గంటలు పోయాక. అందుకే పగలు కొట్టిన రంగుకి రాత్రి దగ్గు వచ్చేది, నేను రాత్రి గాలిని తిట్టుకునేవాణ్ణి.

2020 మే 7న మా విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు ఊరంతా గాలి గురించే మాట్లాడుకున్నాం. ఆ వారం కూడా నేను గన్ను పట్టుకునే ఉన్నాను. నా ముక్కు ముందున్న గాలి గురించి నేను ఆలోచించలేదు, నన్ను ఎవరూ అడగలేదు.

"మాస్కు పెట్టుకుంటానండి" అన్నాను. కరోనా మాస్కు దుమ్ముని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదన్నారు. ఈ పనికి బయటి నుంచి మంచి గాలి గొట్టంతో వచ్చే మాస్కు కావాలట. అసలు నేను చేసే పెద్ద తప్పు ఆవిడ అడిగితే తప్ప నాకు తెలియలేదు. కోటు అవ్వగానే మాస్కు కిందికి లాగి, లైటు కింద వంగి, మెరుపు చూసుకునేవాణ్ణి. గన్ను ఆపినా అది చిమ్మిన మంచులాంటి తుంపర రంగు కొట్టే గదిలో, అంటే బూత్‌లో, చాలా నిమిషాలు తేలుతూనే ఉంటుంది, కంటికి కనపడదు. మనకి తగిలే వాసన థిన్నర్‌ది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు.

మూడొందల ఏళ్ల కిందట రామజ్జిని అనే ఇటలీ డాక్టరు, రోగిని అడిగే ప్రశ్నల్లో 'నీ పని ఏమిటి' అన్నది కూడా చేర్చండని తోటి వైద్యులకి చెప్పాడట. ఆ సంగతి మేడం చాలా బాధగా చెప్పారు. నాకూ బాధేసింది.

వెంటనే పని మానెయ్యమని మాత్రం అనలేదు. ముందు రుజువు కావాలన్నారు. ఊపిరి ఎంత జోరుగా బయటికి వస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటరు ఒకటి రాశారు. ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, ఊదితే జరిగే ఎర్ర ముల్లు. నిద్ర లేవగానే మొదలుపెట్టి పడుకునేదాకా రెండేసి గంటలకోసారి మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చింది రాయాలి. ఛాతీ బిగిస్తే పంపు వాడి, వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. రెండు వారాలు పనిలో, రెండు వారాలు సెలవులో. మా ఆవిడ పాల పద్దు పుస్తకంలో వెనక పేజీల నుంచి గీతలు కొట్టి రాసింది. పాప స్కూలు గ్రాఫ్ పేపరు మీద పని రోజులకి ఎర్ర చుక్కలు, సెలవులకి నీలం చుక్కలు పెట్టింది. ఆదివారం సాయంత్రం 460, 470. క్లియర్ కొట్టిన రోజు రాత్రి 310, ఒకసారి 290. సెలవు పెట్టిన నాలుగో రోజు నుంచి నీలం చుక్కలన్నీ పైనే. పాప ఆ కాగితం నా ముందు పెట్టి "నాన్నా, ఎర్రవన్నీ కిందే ఉన్నాయి" అంది. నేను ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. పదహారేళ్ల పని అక్కడ అయిపోయిందని ఆ చుక్కలు చూసినప్పుడే నాకు అర్థమైంది.

ఊది చూసే పెద్ద పరీక్ష, ఈ గ్రాఫు కలిపి మేడం తేల్చారు: పని వల్ల వచ్చిన ఆస్తమా. ఎంత త్వరగా దూరమైతే అంత కోలుకునే అవకాశం, కొనసాగితే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఆ మందు ఒకసారి పడకుండా పోయాక ఏ మాస్కునీ నమ్మలేమన్నారు.

ఓనరు గారికి కాగితం చూపించాను. "ఇంతమందికి రానిది నీకే వచ్చిందా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఐసోసయనేట్ల జబ్బు ఉండేది. ఫ్యాక్టరీ కార్మికుడిలో అది కనిపిస్తే చూసిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి తెలపాల్సి ఉండేది. కానీ మా షెడ్డులో ఆరుగురం. అప్పటి చట్టం లెక్కలో అది ఫ్యాక్టరీయే కాదు. పదిమంది లేరు కాబట్టి ఈఎస్‌ఐ కూడా లేదు. అప్పటికి మిగిలింది పనిలో దెబ్బతిన్నవాళ్లకి పరిహారం ఇప్పించే 1923 నాటి చట్టం. మేడం కాగితం రాసిచ్చారు, నేను కేసు వేయలేదు. ఆ షెడ్డు మీద ఇంకో ఐదు ఇళ్లు బతుకుతున్నాయి. నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బావ కంపెనీకి, మా షెడ్డుకి మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే. అక్కడ ఏటా ఊది చూపించుకునే పరీక్ష, ఇక్కడ కనీసం డబ్బా వెనక ఏముందో చెప్పే మనిషి కూడా లేడు.

ముందు అదే షెడ్డులో బళ్ల సొట్టలు తీసే డెంటింగ్‌కి మారాను. మూడు వారాలు తిరక్కుండానే 340కి పడిపోయింది. వెనక కొట్టే రంగు ముందుకి వస్తోంది. చెక్క పాలిష్‌కి వెళ్దామనుకున్నాను. పీయూ (పాలీయురెథేన్) పాలిష్‌లోనూ అదే మందు ఉంటుందన్నారు మేడం. కారు అద్దాలు అతికించే పని దొరికింది. ఆ జిగురులోనూ ఐసోసయనేటే. చివరికి ఒక వీల్ అలైన్‌మెంట్ షాపులో చేరాను. జీతం ఐదువేలు తగ్గింది. ఆ ఏడాది మా ఆవిడ కుట్టుమిషను కొనుక్కుంది.

నెల తిరిగేసరికి రాత్రులు నిద్ర పట్టింది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పొద్దున్నా రాత్రీ, కొట్టుకున్నాక నోరు పుక్కిలించడం. ఎనిమిది నెలలకి డోసు తగ్గించారు. ఇప్పుడు చలికాలంలో తప్ప పెద్దగా వాడను. పూర్తిగా పోలేదు. దుమ్ము ఎక్కువైతే ఛాతీ బిగుస్తుంది. కానీ మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను. హనుమంతవాక దగ్గర ఆగి మీటరు ఊదాను. 450.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఆ షెడ్డులో గన్ను పడుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. "గురువుగారూ, గాలి మాస్కు కొన్నాం, ఓనరు గారే డబ్బులిచ్చారు. ఎలా బిగించాలో చూస్తారా?" వెళ్లాను. లోపలికి వెళ్లలేను కదా, గేటు దగ్గరే ఆగాను. కంప్రెసర్ ఎక్కడుందని అడిగాను. బూత్ పక్కనే ఉందన్నాడు. అంటే రంగు గాలినే పీల్చి మళ్లీ మాస్కులోకి తోస్తుందన్నమాట. దాన్ని వెనక గోడ బయటికి మార్చమని, నూనె ఫిల్టర్ పెట్టమని, కోటు అయ్యాక కూడా మాస్కు తియ్యొద్దని గేటు దగ్గర నుంచే అరిచి చెప్పాను. కంప్రెసర్ కింద చక్రాలు తుప్పు పట్టిపోయాయి. వాడూ ఇంకో కుర్రాడూ కలిసి దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి తీసుకెళ్లారు. ఓనరు గారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.