ముందు తొక్క నమిలాను, తర్వాత గ్లాసు పట్టాను

కొండవాలు మీదున్న వైనరీలో టూర్, టేస్టింగ్ రెండూ కలిపి ముందే బుక్ చేసుకున్నాను. తిరుగు ప్రయాణంలో బండి నడపడానికి తాగని స్నేహితుణ్ణి వెంటబెట్టుకున్నాను. ఆ రోజు సెంటు పూసుకోలేదు. వైన్ రుచిలో సగం పైగా వాసనే కాబట్టి పక్కవాళ్ల కోసమైనా ఈ జాగ్రత్త తీసుకోవాలి.

టూర్ తోటలోంచే మొదలైంది. వాలులోనే ద్రాక్ష ఎందుకు వేస్తారో అక్కడ నిలబడితే బాగా అర్థమైంది. వాన నీళ్లు వేళ్ల దగ్గర నిలవకుండా కిందికి పోతాయి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగిపోతుంది, అందుకని వాలు మీది తీగలకు మంచు దెబ్బ తక్కువ. కాకపోతే బాగా నిటారుగా ఉన్నచోట యంత్రాలు ఎక్కవు, గుత్తులన్నీ చేత్తోనే కోయాలి. ఆ వాలు ఎక్కి దిగాక కోత పనివాళ్ల మీద గౌరవం పెరిగింది.

తోట చూపిస్తున్నావిడ ఒక నల్ల ద్రాక్ష చేతిలో పెట్టి, "గబుక్కున మింగేయకండి. గుజ్జు, తొక్క, గింజ వేరువేరుగా నమిలి చూడండి" అన్నారు. గుజ్జు తియ్యగా ఉంది. తొక్క కాస్త వగరు. గింజ కొరికితే నాలుక పిడచగట్టుకుపోయింది. ఇంకో పండు పిండి చూపించారు, రసానికి దాదాపు రంగే లేదు! రెడ్ వైన్ ఎరుపంతా తొక్కదేనని, అందుకే దాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారని చెప్పారు. వైట్ వైన్‌కైతే ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు.

వైనరీని వాలుకు తగ్గట్టు మెట్లు మెట్లుగా కట్టారు. పళ్లు పై అంతస్తులో దిగుతాయి, రసం పంపులతో పెద్దగా పని లేకుండా తనంతట తానే కిందికి చేరుతుంది. తొట్లలో ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరు రసంలోని సుమారు 17 గ్రాముల చక్కెర నుంచి 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ తొక్కల్ని పైకి తేలుస్తుంటే వాటిని మళ్లీ మళ్లీ లోపలికి ముంచుతారు. ఆ వాయువు ఊపిరాడనివ్వదు, అందుకే గాలి బాగా ఆడేలా చూస్తారు. కింద చల్లని గదిలో 225 లీటర్ల ఓక్ పీపాలున్నాయి. ఒక్కోదాన్లో 300 సీసాల వైన్ పడుతుంది.

టేస్టింగ్‌లో ముందు వైట్, తర్వాత రెడ్. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని, రంగు చూసి, తిప్పి, వాసన పీల్చి, కొంచెం నోట్లోకి తీసుకుని అన్ని వైపులకూ తిప్పి, అక్కడ పెట్టిన పాత్రలో ఉమ్మేశాను. మొహమాటం అక్కర్లేదు, వృత్తిగా రుచి చూసేవాళ్లూ ఇలాగే చేస్తారు. మింగుతూ పోతే చివరి గ్లాసుల రుచి పట్టుబడదు.

మొదటి రెడ్ చిగుళ్ల మీద బిగిసింది. ఆ వగరు నాకు తెలుసు! తోటలో నమిలిన తొక్కదే. "మరి గింజ వగరు ఎక్కడ పోయింది?" అని అడిగాను. గింజలు నలగకుండా మెల్లగా పిండితే ఆ మొరటుతనం వైన్‌లోకి అంతగా దిగదట. తర్వాత అదే తోటది, ఏళ్ల తరబడి సీసాలో ఉన్న వైన్ పోశారు. వగరు మెత్తబడింది, ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. రెండూ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను. టేస్టింగ్‌కి వెళ్తే పాతదీ కొత్తదీ ఇలా కలిపి అడగండి, ఇస్తే వదులుకోవద్దు.

నేను కొత్తదే కొన్నాను. బెరడు బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టి, వెలుతురూ వేడీ తగలని చోట దాచాను. దాని వగరు ఎంత మెత్తబడుతుందో నేనే చూడాలి.