సద్దుల బతుకమ్మ: పొద్దున వండి మాపటికి విప్పే అన్నం

సద్ది అంటే వండి వెంట పట్టుకుపోయే అన్నం. బతుకమ్మ పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు పొద్దున తొమ్మిదికో పదికో వండిన దాన్ని ఎప్పుడు తింటారు? ఆడి, పాడి, బతుకమ్మను చెరువులో సాగనంపి, పసుపు గౌరమ్మను పుస్తెలకు పూసుకున్నాక, గట్టు మీద కూర్చుని. రాత్రి ఎనిమిది దాటుతుంది. అంటే అన్నం పది గంటలకు పైగా పాడవకుండా ఉండాలి. ఆ రోజు వంటంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. వేడివేడిగా పళ్లెంలో పెట్టే పులిహోరకు సద్ది అని పేరు పెట్టే వీడియోలు మరిచిపోయేది సరిగ్గా దీన్నే.

పండుగ భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా నడుస్తుంది. తిథుల లెక్క కాబట్టి తేదీ జరుగుతూ ఉంటుంది: అధిక శ్రావణం వచ్చిన 2023లో అక్టోబరు 14న మొదలైంది, 2025లో సెప్టెంబరు 21కే వచ్చింది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న ధర్మాంగదుడు, సత్యవతి దంపతులకు లక్ష్మి బిడ్డగా పుడితే ‘బతుకమ్మా’ అని దీవించారన్నది పాటల్లో వినే కథ. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లు, తొమ్మిది నైవేద్యాలున్న జాబితా ఇప్పుడు ప్రతి క్యాలెండర్‌లో కనిపిస్తుంది గానీ, ఊరు మారితే వరుస మారుతుంది. ఏడో రోజే సద్దులు చేసే ఊళ్లూ ఉన్నాయి.

కథ సంగతి ఎలా ఉన్నా, పండుగ కాలం పొలంలో కనిపిస్తుంది. జూన్‌లో వేసిన పెసర అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది. నువ్వులు, సజ్జ, మక్క (మొక్కజొన్న) కోతకొస్తుంటాయి. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా ఈ మెట్ట చేలల్లో మొలిచే కలుపు మొక్కే. నైవేద్యాల్లోనూ ఇవే: మొదటి రోజు నువ్వులు, ఎనిమిదో నాడు నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు, చివరి రోజు నువ్వుల సద్ది. వరి మాత్రం అప్పటికి ఇంకా పొట్ట మీదనో, పాలు పోసుకుంటూనో ఉంటుంది. కోతలు దీపావళి దగ్గర పడితే గానీ మొదలవవు. కాబట్టి సద్దులకు వాడేది నిరుటి బియ్యం. అదీ మంచిదే. కొత్త బియ్యం ముద్దవుతుంది, పులిహోర కలిపితే సంకటిలా తయారవుతుంది.

అన్నం దగ్గరే సగం పని ఉంది. కడిగి అరగంట నానబెట్టిన పాత బియ్యం గ్లాసుకు గ్లాసున్నర కంటే కాస్త ఎక్కువ నీళ్లు, ఒక చెంచా నూనె. ఉడకగానే వెడల్పు తాంబాళంలో పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. పొగలు పోకముందే డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది. మధ్యాహ్నానికే జిగురు, సాయంత్రానికి వాసన. పెరుగు సద్దికి మాత్రం అన్నం విడిగా మెత్తగా వండుకోవాలి.

నువ్వుల సద్దికి రెండు గ్లాసుల బియ్యానికి వంద గ్రాముల నువ్వులు, ఆరేడు ఎండుమిర్చి. నువ్వులను సన్నటి సెగ మీద, చిటపటమని రెండు మూడు గింజలు ఎగిరేదాకా వేయించి వెంటనే దించి వేరే పళ్లెంలో పోయాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి, ఆ చేదును ఏ పోపూ దాచలేదు. పూర్తిగా చల్లారాక ఉప్పు, మిర్చి వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్ద కడుతుంది, అన్నానికి పట్టదు. పొడి బరకగా ఉంటేనే నోటికి తగులుతుంది.

పులిహోరకు అదే కొలత బియ్యానికి యాభై గ్రాముల పాత చింతపండు. చిక్కగా పిసికి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి వేసి నూనె అంచుకు తేలేదాకా ఉడికించాలి. తొందరపడి పలచగా దించితే తేమ మిగిలి అన్నం నీరు వదులుతుంది. నిమ్మకాయ సద్దిలో తప్పు ఇంకో చోట జరుగుతుంది: రసాన్ని వేడి పోపులో పోస్తే చేదవుతుంది. ఆరిన అన్నంలో పోపు కలిపాకే రసం పిండాలి. ఈ రెండింటినీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టొద్దు. పులుపుకు చిలుం పడుతుంది. స్టీలు టిఫిన్ చాలు.

పెరుగు సద్దిని పెరుగుతో కలిపితే రాత్రికి పుల్లబడి గడ్డలా ఉంటుంది. గ్లాసు బియ్యం అన్నానికి కాచి చల్లార్చిన పాలు రెండు గ్లాసులు, పెరుగు రెండు చెంచాలు. కలిపేటప్పుడు ‘మరీ జారుగా ఉందే’ అనిపించాలి. చెరువు గట్టుకు చేరేసరికి పాలు తోడుకుని సరిపోతుంది. పోపు, అల్లం చల్లారాకే కలపాలి, లేకపోతే తోడు చెడుతుంది.

కొబ్బరి సద్ది అన్నిటికంటే ముందు పాడవుతుంది. పచ్చి తురుమును నూనెలో తేమ పోయి లేత ఎరుపు వచ్చేదాకా వేయించాలి. దూరం పోయేవాళ్లకు ఎండు కొబ్బరే మేలు. ఎలా చేసినా, మూట విప్పగానే మొదట తినాల్సింది దీన్నే.

మలీదకు జొన్న రొట్టెనో సజ్జ రొట్టెనో మెత్తగా కాల్చి, వేడి మీదే నలిపి, తురిమిన బెల్లం, నెయ్యి వేసి ముద్ద కట్టాలి. పావు కిలో పిండికి నూట ఇరవై గ్రాముల బెల్లం సరిపోతుంది. పాకం అక్కర్లేదు, రొట్టె వేడికే బెల్లం కరిగి పట్టుకుంటుంది. చల్లారిన రొట్టె ఇసుకలా రాలిపోతుంది.

పల్లీలు, నువ్వులు, పెసర్లు, మక్కలు, బియ్యంతో చేసే సత్తు సంగతి వేరు, వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. దేనికది విడిగా వేయించాలి: నువ్వులకు నాలుగు నిమిషాలు చాలు, మక్కలకు అంతకు మూడింతలు పడుతుంది. పొడి కూడా విడిగానే కొట్టి చక్కెర కలపాలి. పల్లీల సత్తును మక్కల సత్తుతో ఒకే డబ్బాలో పోస్తే పల్లీల నూనెకు అంతా ఉండలు కడుతుంది. గట్టు మీద ‘ఇస్తినమ్మ వాయినం’ అంటే ‘పుచ్చుకుంటినమ్మ వాయినం’ అని కొంగు పట్టేది ఈ పొడి సత్తుకే కాబట్టి, ఉండలు లేకుండా జల్లించి పట్టుకుపోవాలి.